పదకొండు మందిలో ఎనిమిది మందే వచ్చినప్పుడు

ఆదివారం క్రికెట్ జట్లకు కెప్టెన్లుగా ఉన్నవారు తమ చిక్కులు రాసి పంపమని కిందటి సంచికలో అడిగాను. వచ్చిన ఉత్తరాల్లో సగం సలహా కోసం రాసినవి కావు, వైస్ కెప్టెన్ మీద చాడీలు. వాటిని పక్కన పెట్టి, మిగిలినవాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. చెప్పడానికి మీరెవరు అని అడిగేవారికి ముందే సమాధానం: విశాఖపట్నంలో ఒక ఆఫీసు జట్టుకు పదకొండు సీజన్లు కెప్టెన్‌గా ఉన్నాను. ఆఫ్ స్పిన్ వేసేవాణ్ని. బంతి తిరిగేది కాదు, సముద్రపు గాలి దయ తలిస్తే కొంచెం పక్కకు జరిగేది. మా జట్టు పెద్ద కప్పు ఏదీ గెలవలేదు. నేను చేసిన తప్పులు మాత్రం బోలెడు. ఈ శీర్షికకు అవే పెట్టుబడి.

ప్రశ్న: ఇరవై ఓవర్ల మ్యాచ్. ఆఖరి ఓవరులో అవతలి జట్టుకు 11 పరుగులు కావాలి. మా మంచి బౌలర్ల కోటా అయిపోయింది. ఒక మీడియం పేసర్‌కు ఒకటి, నాకు ఒకటి మిగిలాయి. అతనికి ఇచ్చాను. నాలుగు బంతుల్లో మ్యాచ్ అయిపోయింది. ఇప్పుడు జట్టంతా నన్నే అంటోంది. నేను వేసుకుని ఉండాల్సిందా?
– గాజువాక నుంచి ఒక కెప్టెన్

జవాబు: మీరు వేసుకున్నా ఓడిపోయేవారేమో, అది ఎవరూ తేల్చలేరు. నన్ను అడిగితే మీ పొరపాటు ఇరవయ్యో ఓవరులో జరగలేదు. పద్నాలుగో ఓవరు ముగిశాక మీరు లెక్క చూసుకోలేదు. అక్కడ జరిగింది.

ఒక్కొక్కరికి నాలుగు ఓవర్లే కదా. పద్నాలుగు అయ్యేసరికి ఆరు మిగులుతాయి. ఆ ఆరింటినీ చివరి నుంచి మొదటికి పంచాలి. ముందు ఇరవయ్యోది ఎవరిదో తేల్చండి. ఒకే బౌలర్ వరసగా రెండు ఓవర్లు వేయకూడదు కాబట్టి అతనికి పద్దెనిమిదోది కూడా ఇవ్వవచ్చు. పదిహేడు, పంతొమ్మిది ఇంకొకరివి. ఇక మిగిలింది పదిహేను, పదహారు. మీ బలహీనమైన ఓవర్లు అక్కడ ఖర్చయిపోవాలి. మీరు ఇలా పంచలేదు, భయం వేసినప్పుడల్లా మంచి బౌలర్‌ను పిలిచారు. పదిహేనో ఓవరులో రెండు ఫోర్లు పోగానే మీ ప్రధాన బౌలర్‌ను తెచ్చి ఉంటారు. ఉత్తరంలో ఆ ముక్క రాయలేదు గాని నాకు తెలుసు. నేనూ అదే చేసేవాణ్ని.

ఆఖరి ఓవరు అనగానే అందరూ రెండు కథలు చెబుతారు. 1993 నవంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో హీరో కప్ సెమీఫైనల్. దక్షిణాఫ్రికాకు చివరి ఓవరులో 6 పరుగులు కావాలి. కపిల్‌దేవ్ ఉన్న జట్టులో, అంతవరకు ఒక్క బంతి కూడా వేయని సచిన్ చేతికి మన హైదరాబాద్ అజహరుద్దీన్ బంతి ఇచ్చాడు. మూడు పరుగులే వచ్చాయి, రెండు పరుగుల తేడాతో గెలిచాం. రెండో కథ 2007 ప్రపంచ టీ20 ఫైనల్, జొహానెస్‌బర్గ్. పాకిస్తాన్‌కు చివరి ఓవరులో 13 పరుగులు కావాలి, ఒక్క వికెట్టే మిగిలింది. హర్భజన్‌కు ఒక ఓవరు ఉంది. అయినా ధోని జోగిందర్ శర్మను పిలిచాడు.

ఈ రెండింటినీ ధైర్యానికి ఉదాహరణలుగా చెబుతారు. నాకు వాటిలో తీసివేతల లెక్క కనిపిస్తుంది. హర్భజన్ మూడో ఓవరులో పాకిస్తాన్ బ్యాటర్ మిస్బా మూడు సిక్సర్లు కొట్టాడు. అంటే ఆ బౌలింగ్ అతనికి అప్పటికే కంఠస్థం. కాబట్టి హర్భజన్ పేరు కొట్టివేయాలి, మిగిలినవాళ్లలో వెతుక్కోవాలి. జోగిందర్ మొదట వైడ్ వేశాడు, తర్వాత పరుగు రాని బంతి (డాట్), ఆ తర్వాత సిక్సర్ ఇచ్చాడు. తర్వాతి బంతిని మిస్బా వెనక్కి ఎత్తితే షార్ట్ ఫైన్ లెగ్‌లో శ్రీశాంత్ పట్టుకున్నాడు. ఆ బంతి ఇంకో రెండు గజాలు పక్కగా వెళ్లి ఉంటే, అదే నిర్ణయాన్ని ఇవాళ మూర్ఖత్వం అని చెప్పుకునేవాళ్లం. మీ జట్టువాళ్లు మీ మీద చేస్తున్నది ఆ పనే.

నా సంగతి చెబుతాను. ఒక లీగ్ మ్యాచ్‌లో చివరి ఓవరులో తొమ్మిది పరుగులు కాపాడాలి. నాకు ఒక ఓవరు ఉంది, ఆ ఏడాదే జట్టులో చేరిన ఒక కుర్రవాడికి ఒకటి ఉంది. ఎదురుగా ఎడమచేతి వాటం బ్యాటర్. ఆఫ్ స్పిన్ అతనికి బయటికి వెళుతుంది కాబట్టి పుస్తకం ప్రకారం నేనే సరైనవాణ్ని. బంతి తీసుకున్నాను. అతని లెగ్ సైడున, అంటే వీపు వైపున, యాభై గజాల్లోనే ప్రహరీ గోడ. మధ్యాహ్నం దాటింది, సముద్రం మీది నుంచి గాలి సరిగ్గా ఆ గోడ వైపే కొడుతోంది. మొదటి బంతి గోడ అవతల కొబ్బరి చెట్లలో పడింది. రెండోది డాట్. మూడోది మళ్లీ కొబ్బరి చెట్లలోకే. ప్యాడ్లు సర్దుకుంటుంటే మా స్కోరర్, రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్ద గుమాస్తాగారు, పుస్తకం మూసి అన్నారు: "ఆ అబ్బాయికి ఇంకో ఓవరు ఉందని పదహారో ఓవరులోనే చెప్పాను బాబూ. మీరు తల ఊపారు." నిజానికి నేను వినలేదు. చివరి ఓవరు నేనే వేయాలని పదహారో ఓవరుకే నిర్ణయించుకున్నాను. బ్యాటర్‌నీ గాలినీ చూసి తీసుకున్న నిర్ణయం కాదది, చప్పట్లు ఊహించుకుని తీసుకున్నది.

మీకు ఆ జబ్బు లేదు, బంతి ఇంకొకరికి ఇచ్చారు. అందుకు సంతోషం. అయితే రెండు ప్రశ్నలకు మీలో మీరే జవాబు చెప్పుకోండి. ఓవరు ఇచ్చేముందు ఏ వైపు హద్దు దగ్గరో, గాలి ఎటు వీస్తోందో చూశారా? ఫీల్డర్లను అతను నిలబెట్టుకున్నాడా, మీరు నిలబెట్టారా? బ్యాటర్ కాళ్ల దగ్గర పడే యార్కర్ వేద్దామనుకునే బౌలర్‌కు షార్ట్ బాల్ ఫీల్డింగ్ పెడితే అతను ఏదీ సరిగ్గా వేయలేడు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం. ఊరి బయట మైదానం అద్దెకు తీసుకుని ఆదివారం ఉదయం ఏడింటికి ఆడతాం. టాస్ సమయానికి ఎప్పుడూ ఎనిమిది మందే ఉంటారు. డిసెంబర్, జనవరిలో మంచు వల్ల గడ్డి తడిగా ఉంటుంది కాబట్టి మొదట బౌలింగ్ చేయమని అందరూ అంటారు. ఏం చేయాలి?
– కొండాపూర్ నుంచి

జవాబు: బ్యాటింగ్. ఆలోచించకండి.

మంచు ఉన్న ఉదయం బంతి కాస్త కదులుతుందన్నది నిజమే. అయితే గడ్డి మీద నాలుగుసార్లు దొర్లేసరికి ఆ బంతి తడిసి సబ్బుముక్కలా తయారవుతుంది, మీ స్వింగ్ బౌలర్ దాన్ని ప్యాంటుకు తుడుచుకోవడంతోనే సరిపోతుంది. పైగా ఎనిమిది మందిలో బౌలర్, కీపర్ పోగా ఫీల్డింగుకు మిగిలేది ఆరుగురు. ఆరుగురితో ఎంత గొప్ప వ్యూహం పన్నినా ఇంకో మూడు వైపులు ఖాళీగానే ఉంటాయి. బ్యాటింగ్ అయితే ఒకేసారి ఇద్దరు చాలు. మిగిలిన ముగ్గురూ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎక్కడున్నా అరగంటలో వస్తారు. క్రికెట్ పరిజ్ఞానం కన్నా హాజరు పట్టీ ముఖ్యమైన నిర్ణయం ఇదొక్కటే.

ఒక జాగ్రత్త. నిబంధనల ప్రకారం ఆడే టోర్నమెంటులో టాస్‌కు ముందే పదకొండు పేర్లు రాసి అంపైరుకు ఇవ్వాలి. ఆ తర్వాత ఒక పేరు మార్చాలంటే అవతలి కెప్టెన్ ఒప్పుకోవాలి. "బయలుదేరాను" అని ఫోనులో చెప్పినవాడి పేరు రాసే ముందు వెనకాల వాహనాల చప్పుడు వినిపిస్తోందో, కుక్కర్ కూత వినిపిస్తోందో గమనించండి.

ఇంకొకటి, బ్యాటింగ్ చేస్తూ ఎదురుచూసేటప్పుడు తర్వాతి బ్యాటర్ ప్యాడ్లు కట్టుకుని కూర్చునేలా చూడండి. వికెట్ పడ్డాక మూడు నిమిషాల్లో కొత్త బ్యాటర్ బంతి ఎదుర్కోవడానికి సిద్ధంగా ఉండాలన్నది క్రికెట్ చట్టం. 2023 ప్రపంచ కప్‌లో ఆ గడువు రెండు నిమిషాలే. ఢిల్లీలో బంగ్లాదేశ్ మీద హెల్మెట్ పట్టీ తెగిన శ్రీలంక ఆటగాడు ఏంజెలో మాథ్యూస్ ఒక్క బంతి ఆడకుండా ఔటయ్యాడు. అంతర్జాతీయ పురుషుల క్రికెట్‌లో అలా ఔటైన మొదటివాడు అతనే. మన జట్లలో హెల్మెట్ పట్టీ తెగదు. ఔటై వస్తున్నవాడి ప్యాడ్లే తర్వాతివాడు కట్టుకోవాలి, చిక్కు అక్కడ వస్తుంది. కిట్ బ్యాగులో మూడు జతలు లేకపోతే ఈ వారం చందాతో బ్యాటు కొనకండి, ప్యాడ్లు కొనండి.

టాస్ ఓడి, ఎనిమిది మందితో ఫీల్డింగ్ చేయాల్సి వస్తే అవతలి కెప్టెన్‌ను ఇద్దరు మనుషులను అప్పు అడగండి. స్నేహపూర్వక మ్యాచ్‌లలో ఇస్తారు. వాళ్లను లాంగ్ ఆఫ్‌లో పెట్టండి, క్యాచ్ వచ్చేచోట మాత్రం వద్దు. సొంత జట్టువాడి క్యాచ్ పట్టే ధర్మరాజు ఇంకా పుట్టలేదు.

ప్రశ్న: కెప్టెన్ ఎక్కడ నిలబడితే మంచిది?
– నెల్లూరు నుంచి

జవాబు: మిడాఫ్, అంటే బౌలర్‌కు దగ్గరలో ఆఫ్ సైడున నిలబడే చోటు. బౌలర్ వెనక్కి నడుస్తున్నప్పుడు పక్కనే నాలుగడుగులు వేసి మాట్లాడవచ్చు, అరవనక్కరలేదు. అరిచి చెప్పిన ప్రతి వ్యూహం బ్యాటర్‌కు కూడా వినిపిస్తుంది. స్లిప్‌లో, అంటే కీపర్ పక్కన, నిలబడే కెప్టెన్లు అక్కడి నుంచి బంతి కదలిక బాగా కనిపిస్తుందని చెబుతారు. నాకు తెలిసినంతలో వాళ్లకు మోకాళ్ల నొప్పులు.

ప్రశ్న: మా జట్టులో అందరం మ్యాచ్‌కు తలా 400 రూపాయలు వేసుకుంటాం. ముగ్గురికి బ్యాటింగ్ రాదు, బౌలింగ్ ఇస్తే పరుగులు పోతాయి. ఊరికే ఫీల్డింగ్ చేసి ఇంటికి వెళుతున్నారు. ఒకరు ఈ మధ్య రావడం మానేశారు. గెలవాలా, అందరినీ సంతోషపెట్టాలా?
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు నచ్చింది మీదే. టీవీలో కనిపించే కెప్టెన్లకు ఈ సమస్య రాదు. వాళ్ల ఆటగాళ్లు ఆడినందుకు డబ్బు తీసుకుంటారు, మన ఆటగాళ్లు ఆడటానికి డబ్బు కడతారు. నాలుగు వందలు కట్టి, ఎండలో మూడు గంటలు నిలబడి, బంతి ఎనిమిదిసార్లు ముట్టుకుని ఇంటికి వెళ్లినవాడికి ఆ సాయంత్రం ఇంట్లో ఎలాంటి మర్యాద జరుగుతుందో మీరూ నేనూ ఊహించగలం.

బౌలింగ్ సంగతి ముందు చూద్దాం. నలుగురు మంచి బౌలర్లు ఉన్నారనుకుంటే పదహారు ఓవర్లు అయ్యాయి. ఇంకో నాలుగు ఎవరో ఒకరు వేయాలి. ఆ నాలుగింటినీ "అయిదో బౌలర్" అనే ఒక్క మనిషికి రాసిచ్చేయకండి. ఇద్దరికి రెండేసి పంచండి, ఒక్కోసారి ఒక్క ఓవరుగా. ఎప్పుడు ఇస్తారన్నదే ఇక్కడ కిటుకు. వికెట్ పడిన మరుసటి ఓవరు ఇవ్వండి. కొత్తగా వచ్చిన బ్యాటర్ మొదటి మూడు నాలుగు బంతులు పిచ్ ఎలా ఉందో చూసుకుంటాడు, ఎంత చెత్త బంతినైనా మర్యాదగా నెడతాడు. ఆ మర్యాద కాలంలోనే మీ ముగ్గురిలో ఒకరి ఓవరు గడిచిపోతుంది. పొరపాటున అతనికి వికెట్ పడిందా, వచ్చే ఆదివారం అందరికన్నా ముందు మైదానంలో ఉంటాడు.

బ్యాటింగ్ దీనికన్నా కష్టం. ఇక్కడ ఒకరిని పైకి పంపాలంటే ఇంకొకరిని కిందికి దించాలి. 2001 మార్చిలో కలకత్తా టెస్టు గురించి మాట్లాడేటప్పుడు అందరూ లక్ష్మణ్‌ను వన్ డౌన్‌కు, అంటే మూడో స్థానానికి, పంపడమే చెబుతారు. 445కు జవాబుగా మనవాళ్లు 171కే ఆలౌటై ఫాలో ఆన్, అంటే వెంటనే మళ్లీ బ్యాటింగ్, ఆడాల్సి వచ్చింది. ఆ 171లో ఆరో స్థానంలో వచ్చిన లక్ష్మణ్ చేసినవి 59. రెండో ఇన్నింగ్స్‌లో మూడో స్థానంలో వచ్చి 281 చేశాడు. మన హైదరాబాదీ కాబట్టి ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు. నేను ఆలోచించేది మాత్రం ద్రావిడ్ గురించి. అప్పటికే పేరున్న వన్ డౌన్ బ్యాటర్. "నువ్వు ఆరో స్థానంలో వెళ్లు" అని అతనికి చెప్పాల్సి వచ్చింది. అతను వెళ్లి 180 చేశాడు. ఒకరిని పైకి పంపడం ఏ కెప్టెన్‌కైనా సులువే, శుభవార్త చెప్పడానికి ఎవరు వెనకాడతారు? కిందికి దిగాల్సినవాడితో ముందుగా, పక్కకు పిలిచి, జట్టు అంతా వినకుండా మాట్లాడటమే అసలు పని. మీ ఓపెనర్లలో ఒకరితో ఈ మాట శనివారం రాత్రి ఫోనులో చెప్పండి, ఆదివారం ప్యాడ్లు కట్టుకున్నాక కాదు.

ప్రతి మ్యాచ్‌కూ ఇలా చేయమనడం లేదు. మీకన్నా బలహీనమైన జట్టు మీద, లేదా లీగ్‌లో స్థానం తేలిపోయాక చేయండి. ఆ రోజు ఎవరికి అవకాశం వస్తుందో నెల ముందే రాసి పెట్టుకుంటే, "నన్ను మరిచిపోయారు" అన్న మాట రాదు. నేను ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ని: పేరు, ఎదుర్కొన్న బంతులు, వేసిన బంతులు. ఒక ఏడాది చివర్లో కూడిక వేస్తే, మా అకౌంట్స్ విభాగం మిత్రుడొకరు మొత్తం సీజన్‌లో ఎదుర్కొన్నవి పదకొండు బంతులు. పైసలతో సహా అందరి లెక్కలూ సరిచూసే మనిషి, తన లెక్క మాత్రం ఒక్కసారీ అడగలేదు. సిగ్గేసింది. మరుసటి ఏడాది మొదటి మ్యాచ్‌లో ఓపెనర్‌గా పంపాను. నాలుగు పరుగులకు ఔటయ్యారు. ఆ నాలుగు పరుగుల కథ ఆఫీసు క్యాంటీన్‌లో రెండు నెలలు నడిచింది.

మానేసినవారి ఇంటికి వెళ్లండి. ఫోను చాలదు.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. టీవీలో చూసి రెండు స్లిప్‌లు, ఒక గల్లీ పెడుతున్నాను. పరుగులు ఆగడం లేదు. మొన్న లెగ్ సైడ్ ఫీల్డర్ల వల్ల నోబాల్ కూడా ఇచ్చారు. ఎందుకో అర్థం కాలేదు.
– కరీంనగర్ నుంచి ఒక విద్యార్థి

జవాబు: నాయనా, ముందు నోబాల్ సంగతి. బౌలర్ బంతి వదిలే క్షణానికి కీపర్ కాకుండా లెగ్ సైడున, బ్యాటింగ్ క్రీజ్ వెనక భాగంలో ఇద్దరికి మించి ఫీల్డర్లు ఉండకూడదు. మీకు ఇది కుడిచేతి, ఎడమచేతి బ్యాటర్లు కలిసి ఆడుతున్నప్పుడు జరిగి ఉంటుంది. సింగిల్ తీశారు, స్ట్రైక్ మారింది, ఆఫ్ సైడ్ కాస్తా లెగ్ సైడ్ అయింది. అంతవరకు థర్డ్ మ్యాన్, పాయింట్ వెనక నిలబడ్డవాళ్లు ఇప్పుడు లెగ్ సైడున క్రీజ్ వెనక ఉన్నట్టు లెక్క. ఒకరు కదిలి ఇంకొకరు కదలకపోతే ముగ్గురవుతారు. ఎడమచేతి వాటం వాడు స్ట్రైక్‌కు వచ్చిన ప్రతిసారీ మీరు చెయ్యెత్తి, అందరూ సర్దుకునేదాకా బౌలర్‌ను ఆపండి. ఆలస్యమైందని అంపైరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇక స్లిప్‌లు. టీవీలో వాళ్ల బౌలర్లు 140 కిలోమీటర్ల వేగంతో వేస్తారు, అంచు తగిలితే బంతి స్లిప్ దాకా ఎగిరి వెళుతుంది. మీ బౌలర్ వేగానికి అంచు తగిలితే బంతి స్లిప్ ముందు మూడుసార్లు నేల మీద పడి, నమస్కారం పెట్టి ఆగుతుంది. ఒక పని చేయండి. మీ గత నాలుగు మ్యాచ్‌ల స్కోరు పుస్తకం తీసుకుని, వైడ్లు, బైలు, లెగ్ బైలు కూడండి. తర్వాత ఫోర్లు ఎటు పోయాయో గుర్తున్నంతవరకు రాయండి. మీ ఎక్‌స్ట్రాలు ప్రత్యర్థి రెండో టాప్ స్కోరర్ అయి ఉంటాయని నేను పందెం కాస్తాను. మ్యాటింగ్ పిచ్ మీద అయితే బంతి కీపర్ తల మీదుగా కూడా పోతుంది. అందుకని కీపర్ వెనక నేరుగా, హద్దు దగ్గర ఒకరిని నిలబెట్టండి. ఆ స్థానాన్ని లాంగ్ స్టాప్ అంటారు. పెద్ద క్రికెట్‌లో ఇప్పుడు ఎవరూ పెట్టరు. నవ్వేవాళ్లు నవ్వుతారు. వాళ్ల కీపర్ వాళ్లకు ఉన్నాడు, మీ కీపర్ మీకు ఉన్నాడు.

రెండో స్లిప్‌ను డీప్ మిడ్ వికెట్‌కు, అంటే లెగ్ సైడు హద్దు దగ్గరికి, పంపండి. మన ఆదివారం బ్యాటర్లు ఏ బంతినైనా అటే లాగుతారు.

ప్రశ్న: మా కాలేజీ అమ్మాయిల జట్టులో ఒకే ఒక్క మంచి ఫాస్ట్ బౌలర్ ఉంది. ఆమె రెండు ఓవర్లు చివరికి దాచాను. అవతలి జట్టు పద్దెనిమిదో ఓవరులోనే గెలిచేసింది. ఆమె ఓవర్లు మిగిలిపోయాయి. సీనియర్లు ఇంకా ఎగతాళి చేస్తున్నారు.
– అనంతపురం నుంచి

జవాబు: అమ్మా, ఇది పైన గాజువాక కెప్టెన్‌కు చెప్పినదానికి విరుద్ధంగా అనిపించవచ్చు. కొంచెం విరుద్ధమే. ఆయన ఏమీ దాచుకోలేదు, మీరు అంతా దాచుకున్నారు.

2017 జులై 23న లార్డ్స్‌లో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ గుర్తు చేసుకోండి, గాయం మళ్లీ రేపుతున్నందుకు క్షమించండి. మిథాలీ రాజ్ జట్టుకు లక్ష్యం 229. స్కోరు 3 వికెట్లకు 191. ఇంకా 38 పరుగులు, చేతిలో ఏడు వికెట్లు. పూనమ్ రౌత్ 86 మీద ఉంది. అప్పటికి ఇంగ్లండ్ కెప్టెన్ హీథర్ నైట్ తన మంచి బౌలర్ అన్యా ష్రబ్‌సోల్‌ను ఆఖరి ఓవర్ల కోసం అట్టిపెట్టుకుని కూర్చుని ఉంటే, ఆ ఆఖరి ఓవర్లు వచ్చేవే కావు. ష్రబ్‌సోల్ చేతికి బంతి వచ్చింది, పూనమ్ ఎల్బీడబ్ల్యూ అయింది, అక్కడి నుంచి 28 పరుగులకు ఏడు వికెట్లు పోయాయి. తొమ్మిది పరుగులతో ఓడిపోయాం. ష్రబ్‌సోల్‌కు మొత్తం ఆరు వికెట్లు.

అందులో మీకు పనికొచ్చేది ఇదీ: కుదురుకున్న జంట ఉన్నంతవరకు పరుగులు ఆపడం మీ చేతిలో ఉండదు, వికెట్ ఒక్కటే ఆపుతుంది. పద్నాలుగో ఓవరుకు ఇద్దరు బ్యాటర్లు పాతుకుపోయి ఉంటే మీ ఫాస్ట్ బౌలర్‌కు ఒక ఓవరు అప్పుడే ఇవ్వండి, ఒకటి మాత్రమే చివరికి ఉంచండి. మొదటి ఓవరులో వికెట్ వస్తే రెండోదాన్ని ఎక్కడ వాడినా ఫర్వాలేదు. రాకపోతే మధ్యలో ఒక ఓవరు పోగానే రెండోదీ ఇచ్చేయండి. చివరి ఓవరులో కాపాడుకోవడానికి పరుగులంటూ ఉంటే కదా.

సీనియర్ల సంగతి. తర్వాతి మ్యాచ్‌లో పదో ఓవరు అయ్యాక నీళ్లు తాగేటప్పుడు, వాళ్లలో ఎక్కువ ఎగతాళి చేసే అమ్మాయిని అందరి ముందూ అడగండి: "అక్కా, మిగిలిన పది ఓవర్లు ఎవరెవరికి ఇద్దాం?" నిజంగా మంచి లెక్క చెబితే అలాగే చేయండి, మీకు ఉచితంగా వైస్ కెప్టెన్ దొరికినట్టు. చెప్పలేకపోతే ఎగతాళి తగ్గుతుంది.

ప్రశ్న: ఇక్కడ మా లీగ్‌లో బయటి అంపైర్లు లేని రోజు జట్లే అంపైరింగ్ చేసుకుంటాయి. మొన్న కీపర్ క్యాచ్‌కు అప్పీలు చేస్తే అవతలి బ్యాటర్‌ను ఔట్ ఇచ్చారు. అతను వెళుతుండగా మా కీపర్ నా దగ్గరికి వచ్చి "బంతి తొడకు తగిలింది, బ్యాటుకు కాదు" అన్నాడు. నేను ఊరుకున్నాను. నాలుగు పరుగులతో గెలిచాం. కీపర్ అప్పటి నుంచి ముభావంగా ఉంటున్నాడు. వెనక్కి పిలిచి ఉండాల్సిందా?
– డాలస్ నుంచి ఒక తెలుగువాడు

జవాబు: పిలిచే హక్కు మీకు ఉంది. తర్వాతి బంతి ఆటలోకి రాకముందు, అంపైరు ఒప్పుకుంటే, ఫీల్డింగ్ జట్టు కెప్టెన్ అప్పీలును వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి నిబంధనల మాట అడిగితే జవాబు సులువు.

ఖరీదు మాట వేరు. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో మన క్రికెట్ బోర్డు స్వర్ణోత్సవ టెస్టు జరిగింది. మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్. ఇంగ్లండ్ 58 పరుగులకే అయిదు వికెట్లు పోగొట్టుకున్న స్థితి. వాళ్ల కీపర్ బాబ్ టేలర్‌ను కీపర్ క్యాచ్ కిందే ఔట్ ఇచ్చారు. బంతి బ్యాటుకు తగల్లేదని నమ్మిన విశ్వనాథ్ అతన్ని వెనక్కి పిలిచాడు. టేలర్ 43 చేశాడు, బోథమ్‌తో కలిసి 171 పరుగులు జోడించాడు, మనవాళ్లు పది వికెట్లతో ఓడిపోయారు. విశ్వనాథ్ టెస్టు కెప్టెన్సీ ఆ మ్యాచ్‌తో కలిపి రెండు టెస్టులే. ఆయన చేసినది తప్పని నేను ఎన్నడూ అనుకోలేదు. అలాగని నేను ఆ పని చేసి ఉండేవాణ్ని అని కూడా ప్రమాణం చేయలేను. మాకు ఒకసారి ఇలాంటి సందర్భమే వచ్చింది, నేను బూటు లేసు కట్టుకుంటూ కింద చూస్తూ ఉండిపోయాను. లేసు గట్టిగానే ఉంది.

మీ విషయంలో నన్ను ఆలోచనలో పడేస్తున్నది గెలుపు కాదు. మీ కీపర్ మీకు నిజం చెప్పాడు, అదీ మ్యాచ్ మధ్యలో, జట్టుకు నష్టమని తెలిసి. అటువంటి మనిషి వికెట్ల వెనక ఉంటే మీకు ప్రతి అప్పీలు విలువా ముందే తెలుస్తుంది. ఏ కెప్టెన్‌కైనా అంతకన్నా పనికొచ్చే సమాచారం లేదు. మీరు ఊరుకోవడంతో ఇకపై చెప్పి లాభం లేదని అతను అనుకున్నాడు. ఇప్పుడు నిజంగా అంచు తగిలిందో లేదో మీకు చెప్పేవాడు లేడు.

సీజన్ మొదట్లోనే జట్టంతా కూర్చుని ఇలాంటి సందర్భంలో ఏం చేస్తామో తేల్చుకుని ఉండాల్సింది. ఇప్పటికైనా తేల్చుకోండి. అయితే అంతకుముందు మీ కీపర్‌తో విడిగా మాట్లాడండి, "నువ్వు చెప్పింది విన్నాను, భయపడి ఊరుకున్నాను" అని చెప్పండి. తర్వాత అవతలి జట్టు బ్యాటర్‌కు కూడా ఒక ఫోను చేయండి. మళ్లీ వాళ్లతో మ్యాచ్ ఉన్న వారంలో చేస్తే అదీ ఒక ఎత్తుగడ అనుకుంటాడు, కాబట్టి ఈ మంగళవారమే చేసేయండి.